కొత్త ఎస్‌ఎస్‌డీ: కొనే ముందు ఒకటి, కొన్నాక ఒకటి

డెస్క్‌టాప్‌లో 256 జీబీ నిండిపోయి, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ కోసం రాజమండ్రి వెళ్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి.

ఎం.2 అంటే ఆకారం మాత్రమేనండి. అదే సైజులో సాటా ఉంటుంది, ఎన్‌వీఎంఈ కూడా ఉంటుంది. సాటా స్పీడ్ సెకనుకు సుమారు 550 ఎంబీ. జెన్ 3 ఎన్‌వీఎంఈ అయితే 3,500 ఎంబీ దాకా వెళ్తుంది. కానీ మీ స్లాట్ సాటాకి మాత్రమే అయితే ఎన్‌వీఎంఈ పెట్టినా సిస్టమ్‌కి కనపడదు, డబ్బులు వేస్ట్. అందుకే ముందు మదర్‌బోర్డు మోడల్ నంబర్ చూసి, మాన్యువల్ చెక్ చేయండి.

ఇక కొన్నాక, పాతదాన్ని వెంటనే ఫార్మాట్ చేయకండి. ట్రిమ్ రన్ అయ్యాక ఎస్‌ఎస్‌డీలో పోయిన ఫైల్స్ తిరిగి రావడం చాలా కష్టం. క్లోన్ చేసి, కొత్తదాంతో బూట్ చేసి, ఇంట్లోవాళ్ల ఫొటోలు ఓపెన్ అవుతున్నాయో లేదో చూడండి. ఒక నెల పాతది పక్కన దాచండి.

క్లోనింగ్ ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తాను. ఉంటానండీ!