మీకు తెలుసా? అప్‌డేట్ చెడినా పరికరం తిరిగి లేస్తుంది!

• కొన్ని లినక్స్ పరికరాల ఫ్లాష్ మెమరీలో ఏ, బి అని రెండు రూట్ ఫైల్‌సిస్టమ్‌లు ఉంటాయి. ఏ నడుస్తుండగానే కొత్త వెర్షన్‌ను బిలో రాస్తారు.

• దేన్ని వాడాలో కెర్నల్‌కు చెప్పేది బూట్‌లోడర్. యూ-బూట్ అనే బూట్‌లోడర్‌లో ఆ సంగతి ‘బూట్‌ఆర్గ్స్’ వేరియబుల్‌లో ‘రూట్=’ దగ్గర ఉంటుంది.

• ‘బూట్‌కౌంట్’ సదుపాయం పెట్టుకుంటే రీసెట్ అయినప్పుడల్లా లెక్క ఒకటి పెరుగుతుంది. సవ్యంగా లేచిన సిస్టమ్ దాన్ని సున్నా చేయాలి. చేయకపోతే, లెక్క ‘బూట్‌లిమిట్’ దాటగానే ‘ఆల్ట్‌బూట్‌సీఎండీ’ నడుస్తుంది. పాత భాగానికి మళ్లించే ఆదేశాలను అందులో రాసిపెడతారు.

• కొత్త సిస్టమ్ మధ్యలో బిగుసుకుపోతే రీసెట్ చేసే పని వాచ్‌డాగ్ టైమర్‌ది.

• ఆండ్రాయిడ్‌లోకి ఈ ఏ/బి పద్ధతి 2016లో, 7.0 వెర్షన్‌తో వచ్చింది.