తాయ్ చీ ఆత్మరక్షణమునకు పనికివచ్చునా?

శంషాబాదు ప్రాంతమువారమగు మనకు ఈ ప్రశ్న వట్టి కుతూహలము వలన పుట్టినది కాదు. 2019వ సంవత్సరము నవంబరు 27వ తేదీ రాత్రి ఇచ్చటి టోలుగేటు సమీపమున ఒక యువ పశువైద్యురాలు అపహరింపబడి హతురాలయ్యెను. బాలికలకు ఏదేని ఆత్మరక్షణ విద్య నేర్పవలెనను మాట వచ్చినపుడెల్ల ఆ రాత్రి మనకు జ్ఞప్తికి వచ్చును. అట్టి విద్యలలో తాయ్ చీ యొకటి యగునా యని అడుగువారును కలరు. మాకు తెలిసినంతవరకు దానిని విచారించెదము.

తాయ్ చీ చీనాదేశపు విద్య. దాని పూర్తి పేరు తాయ్ చీ చువాన్. చువాన్ అనగా పిడికిలి. కావున ఇది పోరాటవిద్యగా పుట్టినదే. 17వ శతాబ్దమున హోనాన్ రాష్ట్రమందలి చెన్ వంశీయుల గ్రామమున ఇది రూపు దాల్చెనని చరిత్రకారులు పెక్కుమంది తలంతురు. 19వ శతాబ్దమున యాంగ్ లూచాన్ దానిని నేర్చి పెకింగు నగరమున బోధించెను. 1956లో చీనా ప్రభుత్వము ప్రజల ఆరోగ్యము కొరకు 24 భంగిమలు గల సులభక్రమమును వెలువరించెను. నేడు పలుదేశములలో జనులు ఎక్కువగా అభ్యసించునది ఇట్టి ఆరోగ్యక్రమమే.

దీని వలన మేలు లేకపోలేదు. మోకాళ్లు కొంచెము వంచి, దేహభారమును ఒక పాదమునుండి మరియొక పాదమునకు మెల్లగా మార్చుటచే కాలికి నిలుకడ కలుగును. వృద్ధులు జారిపడుట దీనివలన తగ్గునని వైద్యపరిశోధనలు తెలుపుచున్నవి. త్రోసినను పడకుండుట, భయమందు ఊపిరి తప్పకుండుట ఆపదలో గొప్ప సహాయములే.

అయినను ఒడ్డున నిలిచి చేతులాడించిన మాత్రమున ఈత రాదు. ఎదిరించువాడు లేని అభ్యాసము పోరాటమునకు చాలదు. 2017 ఏప్రిలులో చెంగ్‌దూ నగరమున వెయ్ లేయ్ అను తాయ్ చీ గురువు, షూ షియావ్‌దోంగ్ అను మల్లుని ఎదుట అర నిమిషమైన నిలువలేకపోయెను. ఒక్క పందెముచే విద్య యంతయు వ్యర్థమని చెప్పరాదు. తాయ్ చీలోను ఇద్దరు ఎదురెదురుగా నిలిచి ఒకరినొకరు త్రోయు అభ్యాసము కలదు. దానిని నిజమైన ప్రతిఘటనతో ఏండ్ల తరబడి సాధించినవారికే ఫలము. శీఘ్రముగా ఫలము కోరువారికి జూడో, కుస్తీ, ముష్టియుద్ధము మేలు. ఏలయన వానిలో తొలి దినములనుండియే ప్రత్యర్థి యుండును.

అయితే పలువురు చుట్టుముట్టినపుడు, ఆయుధము ఎదురైనపుడు ఏ విద్యయు పూచీ కాదు. పెద్దగా కేక వేయుట, వెలుగును జనమును ఉన్న చోటికి పరుగెత్తుట, 112 అను సంఖ్యకు ఫోను చేయుట మొదటి రక్షణములు. 2014లో ఏర్పడిన షీ టీములు స్త్రీలను వేధించువారిని పట్టుటకే పనిచేయుచున్నవి. ఆకతాయితనము చిన్నదైనప్పుడే వారికి తెలుపుటకు వెనుదీయరాదు.

మరియొక మాట. హింసకు గురియైన వ్యక్తికి విద్య రాకపోవుట నేరము కాదు, నేరము చేసినవానిదే. కావున బాలికలకు పిడికిలి బిగించుట నేర్పుచు, బాలురకు చేయి అదుపునం దుంచుకొనుట నేర్పకున్నచో మన బోధన సగమే యగును. సోదరులారా, తాయ్ చీ నేర్చినను నేర్వకున్నను, చీకటి త్రోవలో మీ యడుగుల చప్పుడు విన్న స్త్రీకి భయము కాక ధైర్యము కలుగునట్లు నడువుడు.