పొగ పోయిన నిప్పుతోనే ప్రమాదం

2023 ఫిబ్రవరి 22న మన ఆగ్నేయ మిషిగన్‌లో కురిసిన మంచువాన గుర్తుండే ఉంటుంది. కొమ్మలు విరిగి తీగల మీద పడి లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. కొందరికి రోజుల తరబడి రాలేదు. మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో చాలామందిలాగే గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్ళకూ ఇల్లు చల్లబడింది. గ్యాస్ వస్తున్నా, వేడిగాలిని గదుల్లోకి తోసే ఫ్యాన్‌కు కరెంటు కావాలి కదా!

అలాంటప్పుడు మనిషికి ముందు గుర్తొచ్చేది నిప్పే. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టినప్పుడు బొగ్గుల గ్రిల్‌ను ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళున్నారు, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చున్నవాళ్ళున్నారు. కార్బన్ మోనాక్సైడ్ వల్ల వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలూ పోయాయి.

మనవాళ్ళ విషయంలో నాకు ఇంకో భయం ఉంది. కూతురి కాన్పుకు ఇండియా నుంచి వచ్చే అమ్మలకు, బాలింతకూ పసిబిడ్డకూ తలస్నానం అయ్యాక నిప్పుల మీద సాంబ్రాణి వేయనిదే మనసొప్పదు. బార్బెక్యూ బొగ్గులు తెప్పించి, డెక్ మీద రాజేసి, "పొగ పోయిందిలే" అని పడగ్గదిలోకి తెస్తారు. వద్దంటే "మిమ్మల్నందరినీ ఇలాగే పెంచలేదా?" అంటారు. పెంచారు, నిజమే. కానీ ఆ పెంకుటింట్లో గాలి వచ్చిపోయేది. ఇక్కడ చలికి సందులన్నీ పూడ్చేసిన ఇల్లు.

అసలు మోసం ఆ "పొగ పోయిందిలే" అన్న మాటలోనే ఉంది. ఎర్రగా కణకణలాడే బొగ్గుకు పొగ ఉండదు, మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సాంబ్రాణి తప్పదంటే కరెంటుతో వేడెక్కే ధూపం స్టాండు కొనివ్వండి. అమ్మతో వాదించడం కన్నా అదే తేలిక.

పోపు వేయగానే గోలపెట్టే స్మోక్ అలారం ఉంది కదా అనుకోకండి. ఉత్త స్మోక్ అలారానికి మోనాక్సైడ్ సంగతి తెలియదు. అది పసిగట్టే అలారం ప్రతి అంతస్తులో, పడగ్గదుల దగ్గర ఉండాలి. దానికీ కాలపరిమితి ఉంటుంది, వెనకవైపు తేదీ చూడండి.

బేస్‌మెంట్‌లో వాడే స్పేస్ హీటర్ సాధారణంగా 1500 వాట్లు. 120 వోల్టుల దగ్గర అది 12.5 ఆంపియర్లు లాగుతుంది. చాలా గదుల సర్క్యూట్ 15 ఆంపియర్లే. అందుకే ఎక్స్‌టెన్షన్ తీగ పెట్టకుండా నేరుగా గోడకే తగిలించాలి. దుప్పట్లు, కర్టెన్లు మూడడుగుల దూరంలో ఉంచాలి. పడుకునే ముందు ఆపేయాలి.

మంచు బాగా పడితే, ఫర్నేస్ పొగగొట్టం పక్కగోడలోంచి బయటికి వచ్చే ఇళ్ళలో ఆ మూతి దగ్గర మంచు తీసేయండి. పొద్దున్నే గరాజ్‌లో కారు వేడిచేయడం, తలుపు తెరిచి ఉన్నా సరే, మానుకోండి. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి.

ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత వచ్చి, జ్వరం మాత్రం లేకపోతే ఫ్లూ అనుకోవద్దు. కోట్లు వెతుక్కుంటూ ఆగకుండా చేతికందిన దుప్పటి కప్పి పిల్లల్ని, పెద్దవాళ్ళని బయటికి తెచ్చేయండి. 911కి ఫోన్ చేయండి. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మీటర్‌తో చూసి సరేననేదాకా లోపలికి వెళ్ళొద్దు.