పసివాడి టోపీ బిగుతవుతుంటే

మా పక్కవాటా అమ్మాయి ఓ సాయంత్రం నాలుగు నెలల పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి, "పిన్నిగారూ, పోయిన నెల కుట్టించిన టోపీ, అప్పుడే పట్టటం లేదు చూడండి" అంది. వాళ్ళ అత్తగారేమో తల పెద్దదైతే తెలివిగలవాడవుతాడని మురిసిపోతున్నారట. నేను చూద్దును గదా, చదునుగా ఉండాల్సిన మాడు ఉబ్బి ఉంది. నల్లగుడ్లు కిందికి వాలి, పైన తెల్లగుడ్డు కనిపిస్తోంది. మర్నాడు పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళమన్నాను.

తలలో నీరు చేరింది. వైద్యులు హైడ్రోకెఫాలస్ అంటారు.

నీరు మనందరి తలలోనూ ఉంటుందండీ. మెదడు లోపల నాలుగు గదులున్నాయి. పెద్దవాళ్ళలో రోజుకు సుమారు అరలీటరు ద్రవం అక్కడ ఊరి, సన్నని దారుల్లోంచి బయటపడి, మెదడునీ వెన్నుపామునీ చుట్టి రక్తంలో కలిసిపోతుంది. దారి మూసుకుపోయినా ఊరేది ఊరుతూనే ఉంటుంది. పుట్టుకతో దారి ఇరుకై ఉండవచ్చు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మెదడులో రక్తస్రావం కావచ్చు. క్షయ మెదడు పొరలకు సోకవచ్చు. పసివాళ్ళకు పుర్రె ఎముకలు అతుక్కోవు గనుక తల పెరుగుతుంది. పెద్దపిల్లలకు తల పెరగదు. పొద్దున్నే తలనొప్పి, వాంతులు, మత్తు వస్తాయి.

"సూదితో తీసేస్తే పోదా?" అంది ఆ అమ్మాయి. మళ్ళీ ఊరుతుంది గదమ్మా! అందుకే దారి మళ్ళిస్తారు. ఆ గొట్టం అమరికే షంటు. మెదడు గదిలో ఒక కొస ఉంచి, చెవి వెనక చర్మం కిందనుంచి మెడ, రొమ్ము మీదుగా పొట్టలోకి దింపుతారు. పొట్టలోని పొర ఆ నీటిని పీల్చేసుకుంటుంది. ఎక్కువమందికి చేసేది ఇదే. పిల్లవాడు ఎదుగుతాడని కొంత గొట్టం అదనంగా పొట్టలోనే వదులుతారు. పొట్ట పనికిరాకపోతే గుండె పైగదిలోకో, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరలోకో పంపుతారు.

మధ్యలో వాల్వు ఉంటుంది. మన కుక్కరు వెయిట్ లాంటిదే అనుకోండి, ఒత్తిడి హద్దు దాటితేనే తెరుచుకుంటుంది. లేకపోతే నీరంతా జారిపోయి అదో ప్రమాదం. బయటనుంచే అయస్కాంతంతో ఆ హద్దు మార్చగల వాల్వులూ వచ్చాయి. అవి పెట్టిన పిల్లల తలకు సెల్‌ఫోను ఆనించకూడదు.

పిల్లల కథలు రాసిన రోఆల్డ్ డాల్ పేరు మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. 1960లో న్యూయార్క్‌లో ఆయన నాలుగు నెలల కొడుకు థియో తోపుడుబండిని టాక్సీ గుద్దింది. తలలో నీరు చేరింది, పెట్టిన వాల్వు మాటిమాటికీ పూడుకుపోయేది. ఆ తండ్రి ఊరుకోక, బొమ్మ విమానాల ఇంజన్లకు బుల్లి పంపులు చేసే స్టాన్లీ వేడ్‌నీ, శస్త్రవైద్యులు కెన్నెత్ టిల్‌నీ కూర్చోబెట్టి కొత్త వాల్వు చేయించారు. అది సిద్ధమయ్యేసరికి థియోకి దాని అవసరమే తీరిపోయింది. వేలమంది పరాయి పిల్లలకు పనికొచ్చింది!

మన దేశంలో షాజహాన్‌పూర్‌లో తయారయ్యే ఛాబ్రా షంటు విదేశీవాటికన్నా చాలా చవక. చవకని చిన్నచూపు వద్దు. ఉగాండాలో 195 మంది పిల్లల్లో ఖరీదైన షంటుతో పోల్చి చూస్తే, ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని 2005లో ప్రచురించారు.

దారి అడ్డుపడిన కొందరికి గొట్టమే అక్కర్లేదు. దుర్భిణి గొట్టంతో మూడో గది అడుగున చిన్న రంధ్రం చేసి నీటికి వేరే దారి ఇస్తారు. ఏడాది లోపు పసివాళ్ళలో మాత్రం ఇది విఫలమయ్యే అవకాశం ఎక్కువ. మీ బిడ్డకు ఏది తగునో డాక్టరుగారిని తప్పక అడగండి.

ఒక్కమాట దాచకుండా చెప్పాలి. షంటు ఒకసారి పెడితే జన్మకి సరిపోతుందనుకోకూడదు. పూడుకోవచ్చు, చీము పట్టవచ్చు. మొదటి ఏడాదిలోనే మళ్ళీ ఆపరేషను కావలసిన పిల్లలు ఎందరో. వాంతులు, మత్తు, ఎడతెగని ఏడుపు, జ్వరం, గొట్టం దారివెంట ఎరుపు – వీటిలో ఏది కనిపించినా అజీర్తి అనుకుని వాముకషాయం పడుతూ కూర్చోకండి. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మా పక్కవాటా పిల్లాడికి ఇప్పుడు రెండేళ్ళు. నడక ఆలస్యమైంది గానీ, మా మెట్లన్నీ పాకి ఎక్కేస్తున్నాడు. వాళ్ళమ్మ ఏ ఊరు వెళ్ళినా సంచీలో మొదట పెట్టేది వాడి షంటు పేరు, ఆపరేషను తేదీ, ఆసుపత్రి ఫోను నంబరు రాసిన కాగితం, ఆఖరిసారి తీయించిన స్కానూ. పాలసీసా ఆ తర్వాతే.