పదహారు అయస్కాంతాలు, ఒక దిక్సూచి: వందేళ్ల ఫోర్డు కారును నడిపిస్తున్న సైన్సు

పాత కారు గేర్‌బాక్సు మూత మీద ఒక చిన్న దిక్సూచి పెట్టి ఉంటుంది. ఒకరు కారు ముందు కూర్చుని హ్యాండిల్‌తో ఇంజన్‌ను కొద్దికొద్దిగా తిప్పుతుంటారు. ఇంకొకరు దిక్సూచి ముల్లునే చూస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగండి" అంటుంటారు. ముల్లు కావలసిన వైపు తిరగగానే మూడో మనిషి వరసగా కలిపిన మూడు నాలుగు బ్యాటరీల తీగను క్షణం పాటు తాకించి తీసేస్తారు. టప్పుమని నిప్పురవ్వ ఎగురుతుంది. ఇలా మరి కొన్నిసార్లు చేస్తే పని పూర్తవుతుంది.

అమెరికాలో ఫోర్డు మోడల్ టి కార్ల అభిమానులు తమ షెడ్డుల్లో చేసుకునే పని ఇది. నీరసించిన అయస్కాంతాలకు మళ్లీ బలం పోయడమన్నమాట. ఇంజన్ విప్పాల్సిన అవసరం లేదు. కానీ ఒంటరిగా చేయడం కష్టం, మొదటిసారి చేసేవారికైతే పక్కన తెలిసినవారు ఉండి తీరాలి. ముల్లు తప్పు దిశలో ఉన్నప్పుడు కరెంటు తాకిస్తే ఉన్న కాస్త అయస్కాంతత్వం కూడా పోతుంది.

మోడల్ టి ఉత్పత్తి 1908లో డెట్రాయిట్ నగరంలో మొదలై 1927లో ఆగింది. ఆ 19 ఏళ్లలో కోటిన్నరకు పైగా కార్లు తయారయ్యాయి. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక, ఒక ఛాసిస్ బిగించడానికి పట్టే సమయం పన్నెండున్నర గంటల నుంచి 93 నిమిషాలకు పడిపోయింది. తొలినాళ్లలో 850 డాలర్లున్న కారు 1925 నాటికి, రెండు సీట్ల రకంలోనైతే, 260 డాలర్లకే దొరికింది. బ్రిటిష్ సామ్రాజ్యంలోని దేశాలకు, అందులో భాగంగా మన దేశానికి, కుడివైపు స్టీరింగ్ ఉన్న కార్లను కెనడా ఫోర్డు కర్మాగారం పంపేది.

ఇంత పెద్ద సంఖ్యలో తయారు కావడం వల్లే ఈ కారు ఇప్పటికీ బతికి ఉంది. 19 ఏళ్లలో పైరూపు మారినా ఇంజన్ మూల నిర్మాణం పెద్దగా మారలేదు. ఒకరి పాడైన కారులోని భాగం మరొకరి కారుకు సరిపోతుంది. చాలా విడిభాగాలను ఇప్పటికీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. మోడల్ టి ఫోర్డ్ క్లబ్ ఆఫ్ అమెరికాకు ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో మ్యూజియం ఉంది. 1935లో ఏర్పడిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా ఆధ్వర్యంలో పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఏటా అక్టోబరులో పాత విడిభాగాల సంత జరుగుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కల గుట్టల మధ్య జనం రోజంతా తిరుగుతారు. అయితే అక్కడ విడిభాగం కన్నా విలువైనది ఇంకొకటి దొరుకుతుంది. ఏ భాగాన్ని ఎందుకు మార్చాలో చెప్పే మనిషి దొరుకుతాడు.

బ్యాటరీ లేని కరెంటు

మోడల్ టి ఇంజన్ 2.9 లీటర్లది. నాలుగు సిలిండర్లు, 20 హార్స్‌పవర్. నేటి చిన్న కారులో మూడో వంతు బలం కూడా లేదు. స్పార్క్ ప్లగ్గులకు కావలసిన కరెంటును ఈ ఇంజన్ తానే తయారు చేసుకుంటుంది. ఇంజన్ వెనుక ఉండే ఫ్లైవీల్‌కు గుండ్రంగా 16 అయస్కాంతాలు బిగించి ఉంటాయి. ఒక్కొక్కటి ఇంగ్లిష్ వి అక్షరం ఆకారంలో ఉంటుంది. వాటికి ఎదురుగా, కదలకుండా, 16 తీగచుట్లున్న ఒక చట్రం ఉంటుంది. చక్రం తిరిగితే చుట్టల గుండా అయస్కాంత క్షేత్రం మారుతుంది, కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే. ఫ్లైవీల్ ఒక చుట్టు తిరిగితే కరెంటు ఎనిమిదిసార్లు పూర్తి ఆవృత్తం చేస్తుంది. నిమిషానికి వెయ్యి చుట్ల వేగంలో అది సెకనుకు 133 ఆవృత్తాలు. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు 50 ఆవృత్తాలది.

అయస్కాంతాలకూ తీగచుట్లకూ మధ్య సందు మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆ సందును నిలబెట్టేది క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే వెనుక బేరింగు. అది అరిగితే ఫ్లైవీల్ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. సందు పెరిగితే కరెంటు తగ్గుతుంది, తగ్గితే అయస్కాంతం తీగచుట్టకు రాసుకుంటుంది. కాబట్టి "కరెంటు సరిగా రావడం లేదు" అని ఎవరైనా అంటే అనుభవజ్ఞులు ముందుగా అడిగేది బేరింగు సంగతి. విద్యుత్ జబ్బుకు మూలం యంత్ర భాగంలో ఉండొచ్చని పుస్తకం చదివి పట్టుకోవడం కష్టం.

ఇక ఆ అయస్కాంతాలు పాతకాలపు ఉక్కువి. ఇప్పటి నియోడిమియం అయస్కాంతాల్లా మొండిగా నిలబడవు. కుదుపులకు, వేడికి, ఏళ్ల తరబడి వాడకుండా ఉండటానికి బలం కోల్పోతాయి. ఈ బలహీనతే మరమ్మతుకు వీలు కల్పిస్తోంది. సులువుగా అయస్కాంతత్వం కోల్పోయే ఉక్కుకు సులువుగానే తిరిగి ఇవ్వవచ్చు. బ్యాటరీ నుంచి ఏకముఖ విద్యుత్తును అవే తీగచుట్ల గుండా పంపితే అవి విద్యుదయస్కాంతాలై ఎదురుగా ఉన్న ఉక్కును తిరిగి బలపరుస్తాయి. ధ్రువానికి ధ్రువం సరిగ్గా ఎదురుపడిందో లేదో చెప్పడానికే దిక్సూచి.

నాలుగు చెక్క పెట్టెలు

మాగ్నెటో ఇచ్చే తక్కువ వోల్టుల కరెంటుతో ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. అందుకు వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేవి సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగు చెక్క పెట్టెలు. లోపల రెండు తీగచుట్టలు, ఒక కండెన్సర్, పైన కంపించే ఉక్కు రేకు. పాత కాలింగ్ బెల్లును విప్పి చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. కరెంటు రాగానే రేకు కిందికి లాగబడుతుంది, వలయం తెగుతుంది, అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది, రెండో చుట్టలో భారీ వోల్టేజి పుడుతుంది. రేకు మళ్లీ పైకి లేస్తుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు వినిపించే ఝుమ్మనే రొద ఈ రేకులదే.

ఇక్కడ చాలామంది పొరబడతారు. నిప్పురవ్వ వస్తే చాలదు, నాలుగు పెట్టెల్లోనూ ఒకే ఆలస్యంతో రావాలి. కరెంటు తగిలిన క్షణానికీ రవ్వ పుట్టిన క్షణానికీ మధ్య కొన్ని మిల్లీసెకన్లు గడుస్తాయి. ఆ వ్యవధి పెట్టె పెట్టెకూ తేడాగా ఉంటే ఒక సిలిండరు ముందు, మరొకటి వెనుక పేలుతాయి. కారు కుంటుతుంది. కొత్తవాళ్లు కార్బురేటర్‌ను తిట్టుకుంటూ దానితోనే కుస్తీ పడుతుంటారు.

మందు రెండు విడతలు. పెట్టెలో కాగితంతో చేసిన పాత కండెన్సర్ కచ్చితంగా చెడిపోయి ఉంటుంది కనుక లోపలి గట్టి తారును తవ్వి, దాన్ని తీసేసి, 0.47 మైక్రోఫారడ్ ప్లాస్టిక్ కెపాసిటర్ పెడతారు. తర్వాత చేత్తో తిప్పే పరీక్ష యంత్రం మీద రేకును సరిచేస్తారు. ఫోర్డు డీలర్ల దగ్గర ఉండిన ఈ యంత్రంలో నిజమైన మోడల్ టి మాగ్నెటోయే ఉంటుంది. మీటరు 1.3 ఆంపియర్లు చూపాలి, చుట్టూ ఉన్న వలయంలో 16 చోట్ల ఒక్కొక్క రవ్వే రావాలి. రెండేసి వస్తే రేకు అమరిక తప్పినట్టు. ఆ యంత్రం అందరి దగ్గరా ఉండదు. ఉన్నవారి దగ్గరికి నాలుగు పెట్టెలు పట్టుకుని వెళ్లడం ఆనవాయితీ. ఇప్పుడు అదే పని చేసే ఎలక్ట్రానిక్ పరికరాలను ఔత్సాహికులే రూపొందించారు.

బ్రేకు వేస్తే ఆగుతుందా?

కొత్తగా కారు కొన్నవారికి అనుభవజ్ఞులు గట్టిగా చెప్పే మాట ఒకటుంది: వెనుక ఇరుసు విప్పి చూడకుండా రోడ్డెక్కవద్దు.

కారణం బ్రేకు నిర్మాణంలో ఉంది. మోడల్ టిలో కాలితో తొక్కే బ్రేకు చక్రాల దగ్గర లేదు, గేర్‌బాక్సులో ఉంది. తొక్కితే ఒక పట్టీ లోపలి డ్రమ్మును బిగిస్తుంది. ఆ బిగింపు పొడవాటి షాఫ్టు గుండా వెనుక ఇరుసులోని పళ్ల చక్రాలకు, అక్కడి నుంచి చక్రాలకు చేరాలి. ఆ పళ్ల చక్రాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచేవి బాబిట్ అనే మెత్తని మిశ్రలోహంతో చేసిన బిళ్లలు. తయారైననాడు బాగానే పనిచేశాయి. దశాబ్దాలు గడిచేసరికి పెళుసెక్కి పొడిపొడిగా రాలిపోతాయి. బిళ్ల రాలితే పళ్లు విడిపోతాయి. అప్పుడు ఇంజన్ బలం చక్రాలకు అందదు, బ్రేకు కూడా అందదు. మిగిలేది చేతి బ్రేకు. అది వెనుక చక్రాల్లోని చిన్న ఇనుప షూలను నొక్కుతుంది. ఆగి ఉన్న కారును ఆపి ఉంచడానికే తప్ప పరుగెత్తే కారును ఆపడానికి దాన్ని చేయలేదు.

లెక్క వేసి చూస్తే విషయం ఇంకా బాగా తెలుస్తుంది. మనుషులతో కలిపి 750 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిశక్తి సుమారు 104 కిలోజౌళ్లు. అదే కారు 100 మీటర్ల ఎత్తు గుట్ట దిగితే వదిలించుకోవలసిన స్థితిశక్తి సుమారు 735 కిలోజౌళ్లు, అంటే ఏడు రెట్లు. చదునైన వీధిలో ఏళ్ల తరబడి బాగానే ఆగిన కారు ఒక్క ఘాట్ రోడ్డులో ప్రాణం మీదికి తేవచ్చు.

ఈ బిళ్లల స్థానంలో కంచు బిళ్లలు వేయడం దాదాపు ఏకగ్రీవ నియమం. చాలామంది వెనుక చక్రాలకు బయటి నుంచి పట్టేసే రాకీ మౌంటెన్ బ్రేకులు కూడా బిగిస్తారు. అసలు రూపం చెడగొట్టకూడదని పట్టుబట్టేవారు ఉన్నారు. రంగు విషయంలో, సీటు బట్ట విషయంలో ఆ పట్టుదల ముచ్చటగానే ఉంటుంది. బయటికి కనిపించని బాబిట్ బిళ్ల విషయంలో మాత్రం దానికి అర్థం లేదు.

లక్క కరిగితే

ఈ అమెరికన్ కారులో మనకు సంబంధించిన పదార్థం ఒకటుంది. కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే బెండు ముక్కను అప్పట్లో కార్కుతో చేసేవారు. పెట్రోలు పీల్చకుండా దానికి లక్క పూత వేసేవారు. లక్కపురుగు స్రవించే ఈ జిగురుకు ఆనాడు ప్రపంచంలో ప్రధాన వనరు భారతదేశమే. లక్క పెట్రోలులో కరగదు. ఆల్కహాలులో చక్కగా కరుగుతుంది; వడ్రంగులు చెక్కకు పాలిష్ వేయడానికి దాన్ని స్పిరిట్‌లో కలిపేది అందుకే.

అమెరికాలో ఇప్పుడు సాధారణంగా దొరికే పెట్రోలులో 10 శాతం దాకా ఎథనాల్ ఉంటుంది. అది పూతను మెల్లగా కరిగిస్తుంది. కార్కు పెట్రోలు పీల్చి బరువెక్కి మునుగుతుంది. సూది కవాటం మూసుకోదు, పెట్రోలు పొంగి వేడి ఇంజన్ పక్కనే కారుతుంది. అందుకే ఇత్తడి బెండు పెట్టుకోవాలని, లేదా ఆల్కహాలుకు లొంగని పూత వేయాలని సలహా ఇస్తారు. మన బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది కనుక ఇక్కడ పాత కార్లు, మోటారు సైకిళ్లు దాచుకున్నవారు కూడా లోపలి రబ్బరు, కార్కు, పూతలు ఏ పదార్థానివో ఒకసారి చూసుకోవడం మంచిది.

తుప్పు విషయానికొస్తే ఔత్సాహికులకు ఇష్టమైన పద్ధతి విద్యుద్విశ్లేషణ. నీళ్లలో చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప ముక్కను ధన ధ్రువానికి కలుపుతారు. తుప్పు వదులై రాలుతుంది, మంచి లోహం చెక్కుచెదరదు. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయట చేయాలి. ఇనుప ముక్కకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీళ్లలో చేరతాయి. స్ప్రింగుల వంటి గట్టి ఉక్కును ఈ తొట్టిలో ముంచకూడదు, హైడ్రోజన్ చేరి అది పెళుసుబారుతుంది.

ఎడమ చేత్తోనే తిప్పాలి

ఈ విద్యలు తర్వాతి తరానికి అందుతాయా అన్నది అక్కడ తరచూ వినిపించే బెంగ. కరిగించిన బాబిట్‌ను ఇంజన్‌లోనే పోసి బేరింగు చేయగల చేతులు తగ్గుతున్నాయి. కాన్సస్ రాష్ట్రంలోని మెక్‌ఫర్సన్ కళాశాల పాత కార్ల పునరుద్ధరణలో నాలుగేళ్ల డిగ్రీ నడుపుతోంది. అయినా ఎక్కువ మంది నేర్చుకునేది పెద్దవారి షెడ్డులోనే.

అక్కడి మొదటి పాఠం ఇంజన్ తిప్పడం. 1919 నుంచి ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చినా చేత్తో తిప్పేవారు ఇంకా ఉన్నారు. స్టీరింగ్ కింద ఎడమవైపు మీట నిప్పురవ్వ సమయాన్ని మారుస్తుంది. పిస్టన్ పైకి చేరకముందే రవ్వ వస్తే ఇంజన్ వెనక్కి తన్నుతుంది, హ్యాండిల్ మణికట్టును విరగ్గొడుతుంది. మణికట్టు దగ్గర ఒక రకం ఎముక విరుపును వైద్య పుస్తకాలు నేటికీ షోఫర్ ఫ్రాక్చర్ అనే అంటాయి. అందుకే మీటను పూర్తిగా పైకి నెట్టి రవ్వను ఆలస్యం చేసిన తర్వాతే హ్యాండిల్ ముట్టుకోవాలి. ఎడమ చేత్తో, బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచి, కింది నుంచి పైకి పావు చుట్టు మాత్రమే లాగాలి. తన్నినా హ్యాండిల్ వేళ్లను విడిపించుకుని పోతుంది. నేర్చుకునేవారి చేత దీన్ని ముందు స్విచ్ కట్టేసి పదిసార్లు చేయిస్తారు.