ముష్టియోధునికి ఛాతీబలం ఎంతవరకు అవసరం?

వ్యాయామశాలలో అడుగుపెట్టిన యువకుని దృష్టి మొట్టమొదట ఛాతీ మీదికి పోవడం సహజం. విశాల వక్షస్థలం వీరలక్షణమని మన కావ్యాలు ఏనాటినుంచో వర్ణిస్తున్నాయి. కాని బాక్సింగు నేర్వదలచిన విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న వేరు. ఛాతీ పెరిగితే దెబ్బలో బలం పెరుగుతుందా?

ముందుగా శరీర నిర్మాణాన్ని పరిశీలిద్దాం. ఛాతీలోని పెద్ద కండరం మెడ కింది అడ్డ ఎముక, రొమ్ము ఎముక, పక్కటెముకల వద్ద మొదలై దండచేతి ఎముక పైభాగానికి అతుక్కొని ఉంటుంది. చేతిని ముందుకు తేవడం, శరీరం మధ్యకు లాగడం, లోపలికి తిప్పడం దాని పనులు. కనుక పక్కనుంచి వంపుగా విసిరే 'హుక్' దెబ్బలో దాని పాత్ర స్పష్టం. సూటిదెబ్బలోనూ దానికి వాటా ఉంది. పిడికిలి తగిలే క్షణంలో భుజం సడలిపోకుండా నిలపడానికీ అది తోడ్పడుతుంది.

అయితే దెబ్బకు పుట్టినిల్లు ఛాతీ కాదు. వెనుకపాదం నేలను తన్నినప్పుడు పుట్టిన బలం తొడ, తుంటి, నడుముల మీదుగా భుజానికి చేరి, చివరకు పిడికిలిలో వెలువడుతుంది. ఈ గొలుసులో ఛాతీ ఒక లంకె మాత్రమే. పాదం నిలవక, నడుము తిరగకపోతే, ఎంతటి ఛాతీ అయినా చేయగలిగింది తోపే కాని దెబ్బ కాదు.

మరొక విషయం గమనార్హం. పక్కటెముకల మీద రంపపు పళ్లవలె కనిపించే కండరం ఒకటి ఉంది. పిడికిలి సాగేటప్పుడు రెక్క ఎముకను ముందుకు జరిపేది అదే. అందుకే దానికి 'బాక్సరు కండరం' అనే పేరు వచ్చింది. బల్లపై వెల్లకిల పడుకొని బరువు నెట్టే 'బెంచ్ ప్రెస్'లో రెక్క ఎముకలు బల్లకు అదిమి ఉంటాయి. అందువల్ల ఈ కండరానికి పని తక్కువ. నేలపై తీసే దండీలలో అవి స్వేచ్ఛగా కదులుతాయి. మన తాలింఖానాల పాత సాధన ఇక్కడ ఎంతో ఉపయోగకరం.

ఇక తూకం సంగతి. నిజామాబాద్ ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ విజేతగా నిలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగమే లేదు. రెండు కిలోల తేడాతో విభాగమే మారిపోయే క్రీడలో, దెబ్బకు అక్కరకు రాని కండ కేవలం బరువే.

బలమున్నా దమ్ము లేకపోతే ఏమవుతుందో 1974లో కిన్షాసాలో లోకం చూసింది. భీకరమైన దెబ్బలకు పేరుమోసిన జార్జ్ ఫోర్‌మన్ కొట్టికొట్టి అలసిపోగా, తాళ్లకు ఆనుకొని ఓర్చుకున్న మహమ్మద్ అలీ ఎనిమిదవ రౌండులో ఆయనను నేలకూల్చాడు.

అంతమాత్రాన ఛాతీ సాధన వ్యర్థమని కాదు. సక్రమంగా చేస్తే కండరాలు బిగుసుకుపోయి వేగం నశిస్తుందన్న పాత భయానికీ ఆధారం లేదు. కావలసింది సమతౌల్యం. ఛాతీకి ఎంత సాధనో, చేతిని వెనక్కు లాగే వీపు కండరాలకూ అంత సాధన ఉండాలి. లేనిచో భుజాలు ముందుకు వంగి, కీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. శక్తికి మించిన బరువును బల్లపై దించుతున్నప్పుడు ఛాతీ కండరపు స్నాయువు తెగిపోవడం కూడా కద్దు. దండీలు, మెడిసిన్ బంతిని వేగంగా విసరడం, మితమైన బరువులు విద్యార్థికి చాలు. మిగిలిన కాలం పాదాల కదలికకు, నడుము తిప్పుకు, దమ్ముకు వినియోగించాలి.

కళాశాల పాలకవర్గం వారికీ ఒక మనవి. వ్యాయామశాలకు బరువుల బల్ల ఒక్కటే చాలదు. స్కిప్పింగు తాళ్లు, ఇసుక సంచి, మెడిసిన్ బంతి అంత ఖరీదైనవి కావు. వాటితోపాటు శిక్షణ పొందిన గురువు ఒకరుంటే, అద్దంలో అందంగా కనిపించే ఛాతీలకు బదులు బరిలో నిలిచే యోధులు మన విద్యార్థులలోనుంచే వస్తారు.