పొగ లేని వంటయిల్లు – పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయములు

గ్రామ పంచాయతీ సమావేశములలో బాటలను గూర్చియు, మురుగు కాలువలను గూర్చియు, వీధి దీపములను గూర్చియు చర్చలు జరుగుట పరిపాటి. వంటయింటిని గూర్చి చర్చ జరుగుట మాత్రము అరుదు. అది ఇంటి లోపలి సంగతి యనియు, ఆడవారు చూచుకొనవలసిన పని యనియు పలువురు తలంచుదురు. కాని కొంచెము ఆలోచించినచో, గ్రామమున పండిన పంట చివరకు చేరునది వంటయింటికే. ఇంటిల్లిపాది ఆరోగ్యమునకు పునాది పడునది అచ్చటనే. ఇంటి ఇల్లాలు దినమునకు కొన్ని గంటలు గడపునదియు అచ్చటనే. ఆ గది చీకటిగా, పొగతో నిండి యున్నచో, ఊరిలో ఎన్ని సిమెంటు బాటలు వేసినను ఆ యింటికి అభివృద్ధి చేరలేదనియే చెప్పవలెను.

చిరాగ్‌పల్లి ప్రాంతపు వంట

హైదరాబాదు నుండి బొంబాయి వైపు పోవు 65వ నంబరు జాతీయ రహదారి మీద, జహీరాబాదు దాటిన పిదప, కర్ణాటక సరిహద్దునకు సమీపమున చిరాగ్‌పల్లి గలదు. జహీరాబాదు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో ఉండెను. ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరు నుండి ఈ ప్రాంతము సంగారెడ్డి జిల్లాలో నున్నది. జిల్లాల పేరులు మారినను ఇచ్చటి విస్తరి అంతగా మారలేదు. బియ్యము వాడుక పెరిగిన మాట నిజమే. అయినను జొన్నరొట్టె, కందిపప్పు, చేనిలో దొరకు ఆకుకూర ఇప్పటికిని ఈ ప్రాంతపు భోజనమునకు గుర్తులు.

జొన్నరొట్టెను గూర్చి ఒక ముఖ్య విషయము చెప్పవలసి యున్నది. పిండిని వేడినీటితో కలిపి, అరచేతితో తట్టి, పెనము మీద కాల్చి, కడపట నిప్పుల మీద పొంగించుదురు. దీనికి పెనము అడుగంతయు అందుకొను వెడల్పు మంటయు, కణకణలాడు నిప్పులును కావలెను. గ్యాసు పొయ్యి వచ్చిన యిండ్లలో సైతము రొట్టె కొరకు కట్టెల పొయ్యి నిలిచి యుండుటకు ఇది యొక కారణము. సిలిండరు ధర రెండవ కారణము. చేనిలో కందికట్టె, పత్తికట్టె ఊరకనే దొరకుట మూడవ కారణము. కావున "గ్యాసు వచ్చినది, ఇక పొగ సమస్య తీరినది" యని మనము తృప్తి పడరాదు.

పొగ చేయు హాని

కట్టెలు, పిడకలు, చేని మొదళ్ళు సరిగా మండనపుడు వచ్చు పొగలో కంటికి కనిపింపని సూక్ష్మమైన మసి రేణువులును, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును ఉండును. ఇవి ఊపిరితిత్తుల లోతునకు చేరును. పసిపిల్లలలో న్యుమోనియా, పెద్దవారిలో మానని దగ్గు, ఆయాసము, గుండెజబ్బు, పక్షవాతము, కంటిలో శుక్లములు – వీనికన్నింటికిని ఈ పొగతో సంబంధము గలదని వైద్యులు నిర్ధారించి యున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2020 సంవత్సరమున ఇంటిలోని పొగ కారణముగా ప్రపంచమంతట సుమారు 32 లక్షల మంది మరణించిరి. వారిలో 2 లక్షల 37 వేలకు మించి 5 సంవత్సరముల లోపు పిల్లలే. తల్లి పొయ్యి ముందు కూర్చున్నపుడు పసిబిడ్డ ఆమె ఒడిలోనో, వీపు మీదనో ఉండును గదా! తల్లి పీల్చిన పొగనే బిడ్డయు పీల్చుచున్నది.

హైదరాబాదులో పుట్టిన పొయ్యి

ఈ సమస్య క్రొత్తది కాదు. దీనికి పరిష్కారము వెదకుటయు క్రొత్తది కాదు. వార్ధాలోని అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము వారు 1947లో "మగన్ చూల్హా" అను పొయ్యిని వెలువరించిరి. తరువాత మన హైదరాబాదులోనే ఇంజనీరింగు పరిశోధనాలయమునకు డైరెక్టరుగా నుండిన డాక్టరు ఎస్. పి. రాజు గారు మట్టితో కట్టదగిన పొగలేని పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ఒకే మంట మీద వరుసగా రెండు మూడు పాత్రలు ఉడుకుట, గాలిని హెచ్చించుటకును తగ్గించుటకును ఒక పలక యుండుట, పొగ గొట్టము గుండ వెలుపలికి పోవుట – ఇవి ఆ పొయ్యి యందలి ముఖ్య లక్షణములు. ఖరీదైన ఇనుము గాని, విదేశీ సామగ్రి గాని లేకుండ సామాన్యుని యింట పొగ లేకుండ చేయుట వారి ఆశయము.

పిమ్మట భారత ప్రభుత్వము 1983లో మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. 2002లో అది ముగియునాటికి దేశమున మూడు కోట్లకు పైగా పొయ్యిలను నిర్మించిరి. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకము క్రిందను, దేశమంతట 2016 మే 1 నుండి ఉజ్జ్వల యోజన క్రిందను పేద స్త్రీలకు గ్యాసు కనెక్షనులు లభించినవి.

ఇంత జరిగినను పొగ ఏల పోలేదు?

మట్టి పొయ్యిలలో పెక్కు కొలది కాలమునకే మూలబడినవి. గొట్టము మసితో పూడిపోయినది. శుభ్రము చేయు విధము ఎవరును చెప్పలేదు. పొయ్యి కన్నము ఒక కొలత, ఇంటిలోని కుండ మరియొక కొలత అయినది. పొయ్యి నోరు చిన్నదగుటచే పొడవైన కందికట్టె పట్టలేదు. రొట్టె పెనమునకు చాలినంత మంట అందలేదు. పొయ్యి పగిలినపుడు బాగుచేయు మేస్త్రి ఊరిలో లేడు. చివరకు ఇల్లాలు దానిని పడగొట్టి, మూడు రాళ్ళు పెట్టుకొని వంట చేసికొన్నది. ఆమెది మూర్ఖత్వమని మనము తలంచితిమి. వాస్తవమునకు ఆమె తన పనికి పనికిరాని పనిముట్టును తీసివేసినది, అంతియే.

ఈ విషయమున ప్రచారము చేయు మాబోటి వారి లోపమును గూడ ఒప్పుకొనవలసి యున్నది. మేము పొయ్యిని గూర్చి అరుగు మీద కూర్చున్న వారికి చెప్పితిమి గాని, దాని ముందు కూర్చున్న వారిని అడుగలేదు. చెప్పుటకు ముందు అడుగుట నేర్చుకొన్ననాడే ఈ పని సఫలమగును.

పొయ్యి కట్టునపుడు గమనింపవలసినవి

1. ఇంటిలో నిత్యము వాడు కుండను, పెనమును తెప్పించి, వాని కొలతకే కన్నములు చేయించవలెను. ఆ యింట వాడు కట్టెల పొడవును, లావును చూచి పొయ్యి నోరు నిర్ణయింపవలెను.

2. పొగగొట్టము కప్పుకంటె కనీసము 2 అడుగులు ఎత్తుగా నుండవలెను. పైన వాన పడకుండ మూత యుండవలెను. కప్పు గడ్డితో గాని, తాటాకుతో గాని వేసినదైనచో, గొట్టము దానికి తగులకుండ చుట్టును మట్టి కట్టించవలెను.

3. గొట్టమును నెలకు రెండు సార్లు పొడవైన కర్రకు గుడ్డ చుట్టి మసి దులుపవలెను. అందులకు వీలుగా గొట్టము అడుగున ఒక మూత గల రంధ్రము ఉంచవలెను.

4. గొట్టము పెట్టుటకు శక్తి లేని యెడల పొయ్యిని కిటికీ ప్రక్కకు గాని, వసారాలోనికి గాని మార్చవలెను. పొయ్యికి పైగా గోడలో ఒక గవాక్షమును, ఎదుటి గోడలో క్రిందుగా మరియొక గవాక్షమును ఉన్నచో చల్లని గాలి లోనికి వచ్చును, పొగ పైకి పోవును.

5. ఎండిన కట్టెనే వాడవలెను. పచ్చికట్టె వేడిలో కొంత దానిలోని తేమను ఆర్చుటకే పోవును, పొగయు హెచ్చగును. వర్షాకాలమునకు ముందే కట్టెను కప్పు క్రింద చేర్చుకొనవలెను.

6. చలికాలమున నిప్పుల కుంపటిని మూసిన గదిలో నుంచుకొని నిద్రింపరాదు. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

గ్యాసు ఉన్న యిండ్లలో సిలిండరును నిలువుగానే ఉంచి, పొయ్యిని దానికంటె ఎత్తైన తిన్నె మీద ఉంచవలెను. కట్టెల పొయ్యి మండు గదిలో సిలిండరు ఉండరాదు. రెండు పొయ్యిలును గల యిండ్లు ఈ ప్రాంతమున పెక్కు గలవు గనుక ఈ సంగతిని ముఖ్యముగా చెప్పుచున్నాము. గ్యాసు వాసన వచ్చినచో దీపపు స్విచ్చిని ముట్టరాదు; రెగ్యులేటరును కట్టివేసి, తలుపులు తెరచి, వెలుపలికి వచ్చి 1906 నంబరునకు ఫోను చేయవలెను.

కట్టె ఆదా, పోషణ ఆదా

కందిపప్పును వండుటకు ముందు అరగంట నానబెట్టినచో త్వరగా ఉడుకును. శనగలు, అలసందలు మొదలగు గింజలను రాత్రియే నానవేయవలెను. ఉడుకు పాత్రకు మూత పెట్టుట మరువరాదు. పొంగు వచ్చిన తరువాత మంట తగ్గించినను వంట ఆలస్యము కాదు. నీరు మరుగు వేడి, మంట హెచ్చించినంత మాత్రమున హెచ్చదు.

గడ్డిగంప మరియొక సులభ సాధనము. లోతైన గంపలో నాలుగు అంగుళముల మందమున ఎండుగడ్డి పరచి, నడుమ పాత్ర పట్టునంత గుంట చేసి, గోనెగుడ్డ కప్పవలెను. బియ్యము గాని, పప్పు గాని కొంతసేపు తెర్లిన పిమ్మట మూతతోనే గంపలో నుంచి, గడ్డి నింపిన గోనెదిండుతో కప్పినచో, మిగిలిన ఉడుకు ఆ వేడికే జరుగును. నడుమ మూత తీయరాదు. వేడిగా నున్నపుడే భుజింపవలెను. దానిని మరుసటి పూటకు నిలువ ఉంచరాదు.

ఆకుకూరలను ముందు కడిగి తరువాత తరుగవలెను. తరిగిన పిమ్మట కడిగినచో వాని సారము నీటిలో పోవును. అన్నము గంజి వంపుటవలన బి విటమినులు నష్టమగును. వంపక తప్పనిచో గంజిని పప్పులో గాని, చారులో గాని కలుపవలెను. జొన్నలలోను, ఆకుకూరలలోను గల ఇనుము శరీరమునకు పట్టుటకు భోజనముతో నిమ్మరసము తోడ్పడును; భోజనమైన వెంటనే త్రాగు టీ దానిని అడ్డగించును. రక్తహీనత గల గర్భిణులకును, ఎదుగు బాలికలకును ఇది ముఖ్యముగా తెలుపవలెను.

గింజల నిలువ

గింజను నిలువ చేయుటకు ముందు బాగుగా ఎండబెట్టవలెను. పంటితో కొరికినపుడు టక్కున విరిగినచో ఎండినదని తెలియవలెను. ఈ ప్రాంతపు రైతు స్త్రీలు విత్తనములకు బూడిదయు, వేపాకును కలిపి గంపలలో నుంచి, పైన మట్టితో మెత్తి భద్రపరచుదురు. ఇది తరతరముల అనుభవము. దీనిని పాతకాలపు పద్ధతి యని త్రోసివేయరాదు. గుమ్మి గాని, డబ్బా గాని నేలకు ఆనక, గోడకు తగులక, రాళ్ళ మీదనో, చెక్క మీదనో ఉండవలెను. బూజు పట్టిన వేరుసెనగ, మొక్కజొన్నలను కడిగి వాడుట ప్రమాదకరము. ఆ బూజు నుండి పుట్టు విషము వంటతో పోదు, కాలేయమును చెరచును.

మరియొక హెచ్చరిక. ధాన్యమునకు వాడు పురుగుమందు మాత్రలను జనులు నివసించు ఇంటిలో ఉంచరాదు. వాని నుండి వెలువడు వాయువు ప్రాణాంతకము. పురుగుమందు డబ్బాలను ఎన్నిమారులు కడిగినను నూనెకు గాని, పిండికి గాని వాడరాదు. మందు పట్టించిన విత్తనములను వంటకు ఉపయోగింపరాదు.

త్రాగునీరు కుళాయిలో శుభ్రముగా వచ్చినను, బిందెలో చేయి ముంచినచో చెడిపోవును. బిందెకు మూతయు, నీరు తీయుటకు పొడవైన కాడ గల గరిటెయు ప్రతి యింటను ఉండవలెను.

పంచాయతీ చేయదగినది

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వంటచెరకు, సంప్రదాయేతర ఇంధనము, ఆరోగ్యము, స్త్రీ శిశు అభివృద్ధి వానిలో నున్నవి. కావున వంటయిల్లు పంచాయతీకి పరాయి విషయము కాదు.

మొదట బడిలో మధ్యాహ్న భోజనము వండు చోటును, అంగన్‌వాడీ వంటగదిని సభ్యులు స్వయముగా వంట జరుగు వేళ చూడవలెను. వండునామె కన్నులు ఎఱ్ఱబారి యున్నవా, పిల్లలు కూర్చుండు చోటికి పొగ వచ్చుచున్నదా, నీరు ఎంత దూరము నుండి మోయుచున్నది – ఇవి పరిశీలింపవలెను. పిదప వార్డుకు ఒక ఇంటిని ఎన్నుకొని, ఆ యిల్లాలి సలహాతోనే పొయ్యి కట్టించి, ఆరు నెలలు వాడిన తరువాత ఆమె చెప్పు మంచి చెడ్డలను గ్రామసభలో వినవలెను. ఊరి మేస్త్రీలలో ఒకరికి పొయ్యి పనియందు శిక్షణ ఇప్పించినచో బాగుచేయువారు లేరను కొరత తీరును.

తెలంగాణ పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. ఈ విషయమున వారికి మించిన నిపుణులు లేరు. వారి తరఫున భర్తయో, కుమారుడో మాట్లాడు సభలో పొయ్యి మాట రానే రాదు. వారే మాట్లాడిన సభలో అది మొదటి మాట కావచ్చును. ఏ యింటి కప్పు నుండి పొగ గొట్టము ద్వారా సాఫీగా పైకి లేచుచున్నదో, ఏ యింటి గుమ్మము నుండి సుడులు తిరుగుచు వెలుపలికి వచ్చుచున్నదో, సాయంకాలము ఒకమారు ఊరు చుట్టి చూచినచో సభ్యులకే తెలియగలదు. ఆ లెక్కతో రాబోవు సమావేశమును ప్రారంభింతురని ఆశించుచున్నాము.